ఆరింటి రీడింగు

అక్కకు,

ఇక్కడ వాన లేదు, మబ్బు లేదు, గాలి మాత్రం ఆగకుండా వీస్తోంది. ఎనిమిదింటికే ఎండ తెల్లగా ఎక్కింది. ఈ రోజు పని ఇంటర్వ్యూ ఒక్కటే. అది పదకొండు నిమిషాల్లో అయిపోయింది. తిరుగు బస్సు నాలుగింటికి గాని లేదు. బస్టాండులో టికెట్ల గది ముందు బల్ల ఖాళీగా ఉంటే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు ఇచ్చిన బావ బూట్లే వేసుకున్నాను. ముందు రెండు వేళ్ళంత ఖాళీ ఉంది. నువ్వు చెప్పినట్టే గుడ్డపీలికలు కుక్కాను. అయినా నడుస్తుంటే ఎవరో నా వెనకే అడుగులో అడుగు వేస్తున్నట్టు చప్పుడు వస్తోంది. చొక్కా ఇస్త్రీ చెడలేదు. ఆ సంగతి రాస్తేగాని నీ ప్రాణం కుదుటపడదు.

ఇది ఒక ఉప్పునీటి చెరువు పక్కన ఉన్న చోటు. చెరువు అనడానికి అవతలి గట్టు కనిపించదు. అంత నీరూ మోకాలి లోతు కూడా లేదట. గట్టు మీద ఉప్పు పొర కట్టి ఉంది, అడుగు వేస్తే పగిలి కింద నల్లటి బురద కనిపిస్తుంది. చెట్టన్నది లేదు. నీళ్ళలో పొడుగు కాళ్ళ పక్షులు, లేత ఎరుపు రంగు, వంకర ముక్కు. వేలల్లో ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. బస్సులో వచ్చేటప్పుడే డ్రైవరును అడిగాను, ఇవి ఎప్పుడూ ఇంతేనా అని.

"ఇవా? చెవులు చిల్లులు పడేలా అరుస్తాయండీ. ఈ రోజే ఎందుకో మూతులు కుట్టేసుకున్నాయి. కొత్త మనిషిని ఎక్కించుకొచ్చానని నా మీద అలిగాయేమో!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. దిగి ఆఫీసు వైపు నడుస్తూ చూస్తే అవన్నీ ఒకే వైపు తిరిగి వరసలుగా నిలబడి ఉన్నాయి. వరసల మధ్య ఒకచోట ఖాళీ. ఒక పడవ పట్టేంత ఖాళీ. ఏ పక్షీ అందులో కాలు పెట్టడం లేదు. గాలి తోసి ఒకటి అటు జారింది, వెంటనే కాలు కాలినట్టు పక్కకు తప్పుకుంది. పది నిమిషాలు నిలబడి చూశాను. ఇంకాసేపుంటే ఇంటర్వ్యూ తప్పిపోయేది.

లోపల ముగ్గురు కూర్చున్నారు. పాత ఉద్యోగంలో ఏం చేసేవారని అడిగారు. నీకు తెలిసిందే అయినా, చెప్పినట్టే రాస్తాను. వంతెన కింద మెట్లు దిగి, గోడకు బిగించిన గేజి పలక మీద నీళ్ళు ఎన్ని అడుగుల దగ్గర ఉన్నాయో చూసి, ఉదయం ఆరింటికి ఆఫీసుకు ఫోను చేయడం. పన్నెండడుగుల లోపుంటే రేవులో పచ్చజెండా ఎగరేస్తారు, పడవ నడుస్తుంది. దాటితే ఎర్రజెండా. పద్నాలుగేళ్ళు చేశానన్నాను.

"మరి ఎందుకు మానేశారు?" అన్నాడు మధ్యలో ఉన్నాయన.

ఇంటి కారణాలన్నాను. ఆ పడవ నడిపింది మా బావ అనీ, ఆయన ఆ నీళ్ళలోనే పోయి పదకొండు నెలలైందనీ చెప్పలేదు. ప్రశ్న అడిగినాయన నా కాగితం బోర్లా పెట్టి, ఇంకొకరిని పిలవమన్నాడు.

ఈ ఉద్యోగం నాకు రాదు. వచ్చే వారం కొండల మీది ఇంటర్వ్యూకు ఇటు నుంచి ఇటే పోతాను. నీ కుట్టుమిషను బెల్టు వదులైంది, వేలు జాగ్రత్త.

నీ తమ్ముడు

*

అక్కకు,

ఇక్కడ ముసురు పట్టి నాలుగు రోజులు. కొండ మీది మబ్బు సరాసరి గదిలోకి వచ్చి కూర్చుంటోంది. దుప్పటి పిండితే నీళ్ళు వస్తాయి. ఈ రోజు పని ఏమిటంటే, కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడం కాదు, వాగు దాకా తీసుకెళ్ళి గేజి చదివించడం. ఆ వాగు గదులకు కింద నూట పన్నెండు మెట్లు.

ఇంజనీరు ముందు, నేను మధ్యన, వెనక వాచ్‌మన్ అనుకున్నాను. నలభై మెట్లు దిగాక వెనక్కి చూస్తే వాచ్‌మన్ పైనే ఉన్నాడు. నా వెనక వస్తున్నది ఒక జంతువు. మేక కాదు, జింక కాదు. ముదురు గోధుమరంగు, పొట్టి కొమ్ములు, కళ్ళ కింద రెండు నల్లటి గంట్లు. నేను మెట్టు దిగితే మెట్టు దిగింది. నేను ఆగితే ఆగింది. ఇంజనీరుకు అది అలవాటే కాబోలు, పట్టించుకోలేదు. చుట్టూ నాచు పట్టిన రాళ్ళు, పేరు తెలియని చెట్లు, ఆకుల చివర నుంచి బొట్లు. పైన ఎక్కడో కోతులు వీపులు మా వైపు పెట్టి వానలో కూర్చున్నాయి. ఒక్కటీ తల తిప్పలేదు.

పలక మీద నాలుగు అడుగుల రెండు అంగుళాలు. చదివి చెప్పాను. ఇంజనీరు పుస్తకంలో రాసుకుని, మామూలుగా అడిగినట్టే అడిగాడు.

"ఎప్పుడైనా చూడకుండా రాశారా?"

"లేదు సార్."

ఆ మాట అంటుండగానే వెనక ఆ జంతువు దగ్గింది. అచ్చం మనిషి దగ్గినట్టు, ముసలాయన గొంతు సవరించుకున్నట్టు. ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. ఇంజనీరు నవ్వాడు.

"భయపడకండి, అది అంతే. అబద్ధం వినబడితే దగ్గుతుందని మా వాచ్‌మన్ కథలు చెబుతాడు. వాడు సెలవు చీటీ చదివినప్పుడల్లా దగ్గుతుంది మరి!"

నేను నవ్వలేకపోయాను. మెట్లు ఎక్కేటప్పుడు అది దారి ఇచ్చి పక్కన నిలబడింది. వాసన చూడలేదు, బెదరలేదు. నా ముఖం చూసింది, తర్వాత నా కాళ్ళకున్న బూట్లు చూసింది. అవి నీళ్ళల్లోకి వెళ్ళలేదు. పలక మెట్టు మీద నుంచే కనబడుతుంది. గదికి వచ్చి విప్పి చూస్తే పాదాలు పొడిగా ఉన్నాయి. ముందు భాగంలో కుక్కిన పీలికలు మాత్రం తడిసి ముద్దయ్యాయి. ముసురు వల్లేనేమో.

ఫలితం రేపు చెబుతామన్నారు. ఆగను, ఈ రాత్రే బస్సెక్కేస్తాను. ఇంకొకటి ఉందిగా, చిత్తడి నేలల్లో. పదిహేను రోజులు పనిచేయించి చూసి, నచ్చితే ఉంచుకుంటారట. ఉత్తరం రాస్తే అక్కడికే రాయి, అడ్రసు వెనక రాశాను.

నీతో ఒక మాట చెప్పాలి. ఈ ఉత్తరంలో కాదు.

నీ తమ్ముడు

*

అక్కకు,

ఇక్కడికి వచ్చి తొమ్మిది రోజులు. వాన లేదు, పొద్దున పొగమంచు, తర్వాత పలచటి ఎండ. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గేజి చూడటం, మధ్యలో తలుపులకు రంగు వేయడం నా పని.

నేల ఎక్కడ అయిపోయి నీరు ఎక్కడ మొదలవుతుందో ఇక్కడ తెలియదు. మనిషి ఎత్తు రెల్లు. అందులో ఏదో కదులుతుంది, అదేమిటో తెలిసేలోపు ఆగిపోతుంది. దిబ్బ మీద రెండు గదుల క్వార్టరు, దాని ముందు నుంచి నీళ్ళలోకి ఇరవై ఆరు మెట్లు. పక్కన గేజి పలక. ఒక్కో మెట్టు సరిగ్గా అర అడుగు. దిగువన అర మైలు దూరంలో వలలు అల్లేవాళ్ళ ఇళ్ళు పదకొండు ఉన్నాయి.

పాత గేజి రీడరు ఇంకా ఇక్కడే ఉన్నాడు. పెద్దాయన అనే అందరూ పిలుస్తారు. ఈ నెలాఖరుకు ఉద్యోగం దిగిపోతాడు. మోకాళ్ళు పోయాయి, కిటికీ పక్క కుర్చీలోనే ఉంటాడు. మొదటి రోజు సాయంత్రం నేను రీడింగుకు బయల్దేరితే పుస్తకం అప్పటికే రాసి ఉంది. ఆ సాయంత్రానిదే కాదు, మర్నాడు ఉదయానిది కూడా.

"ఇదేంటండీ, రేపటిది ఇవాళే రాసేశారు?"

"రేపు మళ్ళీ కళ్ళజోడు వెతుక్కోవాలి కదయ్యా. కూర్చో. కిటికీలోంచి చూడు."

అప్పటికే రెల్లులోంచి నీటికుక్కలు వచ్చి ఉన్నాయి. ఏడు. నల్లగా, నున్నగా, నూనె రాసినట్టున్నాయి. ఆడుకోవడం లేదు, చేపలు పట్టడం లేదు. మెట్లెక్కి, ఒకే మెట్టు మీద ఏడూ పక్కపక్కన కూర్చున్నాయి. ముఖాలు నీళ్ళ వైపు కాదు, మా కిటికీ వైపు. చివరది వెనక కాళ్ళ మీద లేచి, మెడ సాచి దారి వైపు చూసింది, ఎవరో రావాల్సి ఉన్నట్టు.

"ఎవరి కోసం చూస్తోంది?"

"చదివేవాడి కోసం. రెండేళ్ళుగా నేను దిగడం లేదు. అవి మాత్రం రావడం మానలేదు. అవి కూర్చున్న మెట్టు దాకా రేపు నీళ్ళుంటాయి. లెక్కపెట్టి రాసుకోవడమే. ఒక్క రోజు తప్పితే నా మీసం తీసేస్తాను."

ఆయనకు మీసం లేదు. గాని రీడింగు తప్పలేదు. తొమ్మిది రోజులుగా నేను ఉదయం దిగి చూస్తున్నాను. ముందు సాయంత్రం అవి కూర్చున్న మెట్టుకే నీళ్ళు తగులుతున్నాయి, వేలెడు తేడా లేకుండా. నేను మెట్ల మీద ఉంటే అవి పారిపోవు. జరిగి చోటిస్తాయి.

అక్కా, ఇక చెబుతాను. ఆయనలాగే నేనూ చూడకుండా రాశాను. ఆయన రాసింది నిజమవుతోంది, నేను రాసింది కాలేదు. ఆ రోజు నాకు జ్వరం, నీ ఇంట్లోనే పడుకున్నాను. ముందు రోజు సాయంత్రం పలక మీద పదకొండున్నర. ఉదయం ఆరింటికి మంచం మీద నుంచే ఫోను చేసి, అదే పదకొండున్నర చెప్పాను. మెట్ల దాకా పోలేదు. అప్పటికే పద్నాలుగు దాటింది. నా మాట మీద ఆరున్నరకు పచ్చజెండా ఎగిరింది. ఆ జెండా చూసే బావ పడవ తీశాడు. రీడింగు తర్వాత ఎగువ నుంచి ఒక్కసారిగా నీళ్ళొచ్చాయని ఆఫీసువాళ్ళు రాసుకున్నారు. నేను కాదనలేదు. నువ్వు నా పళ్ళెంలో వడ్డిస్తుంటే తిన్నాను. రెండు నెలలు అలా గడిచాక ఆ మెట్లు దిగలేక ఉద్యోగం మానేశాను. దిగులుతో మానేశానని నువ్వు అందరితో చెప్పావు.

ఈ ఉద్యోగం నాకే ఇస్తారు, ఇంకెవరూ రాలేదు. ఇక్కడే ఉండిపోతాను. పెద్దాయన ముప్పైయేళ్ళు ఉన్నాడు, నేనూ ఉండగలను. నీ ఎదుటికి రాను. నీ నుంచి జవాబు రాకపోయినా నాకు అర్థమవుతుంది.

తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. బడి పిల్లల చొక్కాలు నలభై కుట్టాల్సినవి పక్కన పెట్టి రాస్తున్నాను. మధ్యలో ఎవరైనా వస్తే రాత వంకర పోతుంది, చదువుకో.

ఆ రోజు నువ్వు ఫోను పెట్టేసి గోడవైపు తిరిగావు. నేను తలుపు పక్కనే ఉన్నాను. బయట మీ బావ ముఖం కడుక్కుంటున్నాడు. వీడు దిగకుండానే చెప్పేశాడయ్యా అన్నాను. మీ బావ తువ్వాలు భుజాన వేసుకుని నవ్వాడు. "నీళ్ళదొరగారు మంచం మీద నుంచే కొలిచేశారా! రేపటి నుంచి నేనూ మంచం మీద నుంచే పడవ నడుపుతా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అర్ధరాత్రి నుంచి నది చప్పుడు మారింది, నేను విన్నాను. పోయి పలక చూసిరా, తేడా ఉంటే వీడి పేరు మీద మళ్ళీ ఫోను చేద్దాం, ఎవరికీ తెలియకముందే సర్దేద్దాం అన్నాను. గట్టు దారి బురదగా ఉందని పడవ మీద పోయాడు. ఆరుంపావుకే పోయాడు. ఆరున్నరకు జెండా ఎగిరేసరికి పడవ రేవులో లేదు.

ఆయన జెండా చూసి పోలేదురా. రేవు దాటించడానికీ పోలేదు. నీ పలక చూడటానికి పోయాడు. పంపింది నేను.

ఆ మధ్యాహ్నం అందరూ దిగువన వెతుకుతుంటే నేను వంతెన దగ్గరికి పోయాను. మెట్ల పక్క ఇనుప కడ్డీకి పడవ తాడు కట్టి ఉంది, మూరెడు. మిగతాది తెగిపోయింది. విప్పి కొంగులో దాచి తెచ్చాను. మిషను కింది సొరుగులో, గుడ్డముక్కల మూట అడుగున ఉంది. ఎవరైనా చూస్తే అక్కడికెందుకు వెళ్ళాడని అడుగుతారని భయం. అడిగితే నీ సంగతి బయటపడుతుందని అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే, నా సంగతి బయటపడుతుందనే.

ఇన్నాళ్ళూ నువ్వు చెబుతావేమో, అప్పుడు నేనూ చెబుదామని కాచుకున్నాను. నువ్వేమో తల దించుకుని తిన్నావు. నిన్ను ఉద్యోగాలకని ఊళ్ళు తిప్పింది నీ బాగు కోసమని అందరూ అన్నారు, నువ్వూ అనుకున్నావు. కాదు. రోజూ పొద్దున లేచి నీ ముఖం చూడలేక తరిమాను. బూట్లు కూడా అందుకే ఇచ్చాను, అవి ఇంట్లో ఉంటే నిద్ర పట్టదు.

నీ తప్పు లేదని నేననను. చూడకుండా చెప్పడం తప్పే. గాని అక్కడ ముప్పైయేళ్ళు కూర్చుంటే అది తీరుతుందనుకోకు. తప్పు నీ ఒక్కడిదే అయితే శిక్ష నేనే వేసి ఉండేదాన్ని, అంత దూరం పోనిచ్చేదాన్ని కాదు. వస్తావో రావో నీ ఇష్టం. వస్తే బూట్లు అక్కడే వదిలేసి రా.

నీ అక్క

*

అక్కకు,

ఎండ కాస్తోంది. రెండు రోజులుగా పని లేదు, గేజి నీళ్ళ కింద ఉంది. నేను ఎత్తు మీది రోడ్డు పక్క బడిలో ఉన్నాను, క్షేమం.

నీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం అందింది. రెండుసార్లు చదివాను. ఏం చేయాలో తోచక తలుపుకు రెండో పూత వేశాను. సాయంత్రం పెద్దాయన కేకేశాడు. నీటికుక్కలు మెట్లెక్కుతున్నాయి. రోజూ ఆగే చోట ఆగలేదు. పై మెట్టు దాటాయి, వాకిలి దాటాయి. ఏడూ నా కాళ్ళ పక్క నుంచే పోయాయి, తడి బొచ్చు నా పిక్కలకు తగిలింది. మూతి నెరిసిన ఒకటి గుమ్మం దగ్గర ఆగి, నా వైపు చూసి, రోడ్డెక్కింది. వానా లేదు, గాలీ లేదు. రెల్లులో ఒక్క కప్ప కూడా అరవలేదు.

పెద్దాయన కలం పట్టుకుని కూర్చున్నాడు.

"రేపటికి ఎంత రాయనయ్యా? పలక మీద పదమూడు తర్వాత అంకె లేదు."

"రేపటిది రాయకండి. నేను దిగి చూసొస్తాను."

దిగాను. కింది నుంచి ఏడో మెట్టు, మూడున్నర. నీరు కదలడం లేదు, నా ముఖం కనిపించింది. చూసింది చూసినట్టు రాసి ఆఫీసుకు ఫోను చేశాను. ఇక్కడి ఇంజనీరమ్మ తీసింది.

"మూడున్నరేగా, దానికి ఆ గొంతేమిటి?"

నీటికుక్కలు వెళ్ళిపోయాయనీ, దిగువ ఇళ్ళవాళ్ళను పైకి పంపాలనీ చెప్పాను.

"కుక్కలు చెప్పాయని నన్ను లారీ పంపమంటారా?"

"మూడున్నర నేను చూశానమ్మా. అవి వెళ్ళిపోవడం కూడా నేను చూశాను. ఒకసారి చూడకుండా రీడింగు చెప్పాను, అది సరిచూడటానికి పోయి మా బావ చనిపోయాడు. ఇప్పుడు రెండూ చూసి చెబుతున్నాను."

ఆమె దిగువ ఇళ్ళు ఎన్నని అడిగింది, పదకొండన్నాను. తర్వాత, "లారీ వస్తుంది. తెల్లారేసరికి నీళ్ళు రాకపోతే మీరు ఉద్యోగం సంగతి మరిచిపోండి" అంది.

వలలవాళ్ళ దగ్గరికి పరుగెత్తాను. నీటికుక్కలు పోయాయనగానే వాళ్ళలో పెద్ద ముసలమ్మ ఇంకేమీ అడగలేదు, మూట కట్టడం మొదలుపెట్టింది. ఆమె కోడలు మాత్రం, "సగం అల్లిన వల వదిలేసి రమ్మంటావా, నీళ్ళు రాకపోతే నువ్వే కూర్చుని అల్లాలి" అంది. అల్లుతానన్నాను. పెద్దాయన్ని కుర్చీతో సహా నలుగురం లారీలోకి ఎత్తాం. దారంతా మమ్మల్ని తిడుతూనే ఉన్నాడు, రీడింగు పుస్తకం మాత్రం చంకలోంచి తీయలేదు.

తెల్లవారేసరికి క్వార్టరు పైకప్పు ఒక్కటే కనబడింది. ఎగువన కట్ట తెగిందట. వలలవాళ్ళ ఇళ్ళు పదకొండింటిలో ఒక్కటీ లేదు. మనుషులంతా ఉన్నారు. ఇంజనీరమ్మ జీపులో వచ్చి, నీళ్ళ వైపు చూసి, అలవాటు కొద్దీ అడిగింది.

"ఆరింటి రీడింగు ఎంత?"

"చూడలేదమ్మా. పలక కనబడటం లేదు."

పద్నాలుగేళ్ళలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఆమె అలాగే రాసుకుంది. ఉద్యోగం నాదేనంది. పది రోజులు గడువు అడిగాను. ముందు మన పాత ఆఫీసుకు పోయి, ఆ రోజు ఏం జరిగిందో రాసి సంతకం పెడతాను. నా సంగతి వరకే రాస్తాను. తాడు సంగతి చెప్పాలో వద్దో నీ ఇష్టం. ఆ తర్వాత ఇంటికి వస్తాను. నా ముఖం నువ్వు చూడగలిగినన్ని రోజులు ఉంటాను. బూట్లు క్వార్టరులోనే ఉండిపోయాయి.

నీటికుక్కలు ఏడూ గురువారం సాయంత్రం ఆరుకు ఐదు నిమిషాలుండగా వెళ్ళాయి. వలలవాళ్ళు ఎనిమిదింపావుకు వెళ్ళారు. పెద్దాయన్ని శుక్రవారం మధ్యాహ్నం ఆయన కూతురు వచ్చి తీసుకెళ్ళింది. నేను రేపు ఉదయం ఐదున్నర బస్సుకు బయల్దేరతాను.

తమ్ముడు